కరివేపాకు కొమ్మకు ఎర్రగుడ్డ

మొన్నటి చలికాలం మా గల్లీల ఒక దేవత వెలిసింది. వెలిసింది నా చేతుల మీదికెల్లే. ముందుగాల చాయ్ తాగేసి వినున్రి, నవ్వుతే మీద పడ్తది.

దిష్టి, తాయెత్తు అంటే నా నోరు ఎట్ల లేస్తదో నారాయణఖేడ్‌ల తెలియనోళ్లు తక్కువ. బడికి పోయింది ఏడో తరగతి దాకనే. తర్వాత బ్లౌజులు కుట్టుకుంటనే చేతికందిన పుస్తకమల్లా చదివిన. చదివిందల్లా ఎదుటోళ్ల నెత్తిన కొట్టుడు కూడ అలవాటైంది. అట్ల చదువంగ చదువంగ ఫోన్ల ఒక గ్రూపు దొరికింది. సీతాకోకచిలుకలు చలికాలం ఏడ తలదాచుకుంటయో మన అసొంటి మామూలు జనమే చూసి ఫోటోలు పంపాలె. సైంటిస్టులు వాటిని పరిశోధనల వాడుకుంటరు. డిగ్రీ ఉన్నదా అని ఎవరూ అడగలే. నా మాట సైన్సుల ఎక్కుతదంటే నేను ఊకుంటనా?

మా గేటు పక్కనున్న కరివేపాకు చెట్టు కొమ్మకు, ఎండుపుల్ల ముక్క లెక్క, నడుముకు సన్నని దారం చుట్టుకొని ఒకటి అతుక్కొని ఉన్నది. ప్యూపా అంటరు. ఆకులు తిని బలిసిన గొంగళిపురుగు చలి పోయేదాక అండ్లనే పండుకొని, సీతాకోకచిలుకై లేస్తది. ఫోటో పంపితే గ్రూపు నడిపే మేడం రాసింది: "చాలా మంచి రికార్డు. వారం వారం ఇదే ప్యూపా ఫోటో కావాలి. బయటికి వచ్చేదాకా ఎవరూ కదిలించకుండా చూడండి." మా ఆయన అన్నం తింటుంటే అది చదివి వినిపించిన. పప్పుల ఉప్పు తక్కువైందన్నడు.

కదిలించకుండ చూసుడే పరేషాన్. చెట్టు మాదే గాని కరివేపాకు గల్లీ అందరిది. పొయ్యి మీద నూనె కాగినంక యాదికొస్తది ఒక్కొక్కరికి. ఉరికొచ్చి, గోడ మీదికెల్లి చెయ్యి పెట్టి కొమ్మకు కొమ్మ ఇరుసుకపోతరు. అడుగుడు ఉండదు. అడిగినోళ్లను నేనే తిడ్త, గింత కరివేపాకుకు అడుగుడేందని. ఇప్పుడు ఏ కొమ్మ తెంపొద్దో ఒక గుర్తుండాలె కద. మిషన్ కింద ఎర్ర బ్లౌజు ముక్క, పసుపు లైనింగు ముక్క కనవడ్డయి. రెండు కలిపి ఆ కొమ్మ మొదట్ల గట్టిగ ముడేసిన. గుడ్డ కట్టిన కొమ్మ జోలికి పోతే మంచిగుండదని అందరికి చెప్పిన. ఎందుకని అడిగినోళ్లను కసిరిన. ప్యూపా అని చెప్పిననుకో, పీకి చూసేటోళ్లే అందరు.

పక్కింటి పుష్పకు నా మాటంటే లెక్కలేదు. ఆ కొమ్మకే రెబ్బ తెంపుకపోయింది. తెల్లారి వాకిట్ల జారిపడితే మణికట్టు బెణికింది. సబ్బునీళ్లు పారబోసింది తనే, జారింది తనే. గల్లీ మాత్రం నా చెట్టు దిక్కు చూసింది.

మర్నాడు ఫోటో తీద్దామని పోతే కొమ్మకు కుంకుమ బొట్టు. ఇంకోనాడు సరిగ్గ ప్యూపా కిందనే అగర్బత్తి, పొగంత దాని మీదికే. పీకి పారేసిన. ఆ ఎనుకనే ఎదురింటి నాగమ్మవ్వ చెంబుతోని వచ్చింది, కొమ్మకు పసుపునీళ్లు పొయ్యనీకి. చెయ్యి పట్టుకున్న.

"అవ్వా, నీళ్లు పోస్తే సస్తది."

"ఏది సస్తది బిడ్డా?"

అవ్వా, గది పురుగు గూడు. గంత మాట చెప్తే అయిపోతుండె. కాని చెప్పిన తెల్లారే కొమ్మ ఎవరి పోపులనో పడ్తది. గింత నోరున్నదాన్ని, గా ఒక్క మాట బయటికి రాలే. వచ్చింది ఇది:

"అమ్మకు నీళ్లు పడవు. పొగ అసలే పడదు. దూరంకెల్లి మొక్కున్రి."

అవ్వ చెంబు కింద పెట్టి దండం పెట్టింది. ఇన్నేండ్ల సంది నేను చెప్పిన ఏ మంచిమాట గల్లీల గింత జల్దీ పనిచెయ్యలే. ఆనాటి సంది చెట్టు మీద ఎవరూ చెయ్యి వెయ్యలే, కరివేపాకు అంగట్ల కొనుక్కున్నరు. పుష్ప చేతికి పట్టీతోని గేటుకాడ నిలవడి, "వదినా, తప్పు మాఫ్ జెయ్యమని అమ్మకు జర నువ్వే చెప్పు" అన్నది. చెప్తనన్న. ఇంకేమంట?

చలి తగ్గినంక ఒకనాడు పొద్దుగాల ప్యూపా నల్లబడి పగిలింది. నలుపు మీద పసుపు మచ్చల రెక్కలు మెల్లగ ఆరబెట్టుకుంటుంటే నేను వీడియో తీస్తున్న. నా ఎనుక గల్లీ ఆడోళ్లంత చేతులు జోడించి నిలవడ్డరు. అది ఎగిరిపోతుంటే నాగమ్మవ్వ కండ్లు తుడుచుకున్నది. నాకు గూడ నీళ్లొచ్చినయి. నావి సైన్సు నీళ్లని ఆడ ఎవరికి చెప్పాలె?

ఆ రోజే ఫోన్ల ఆఖరి వివరాలు నింపిన. ప్యూపాకు ఎదురైన ప్రమాదాలు అన్నకాడ చీమలు, పిట్టలు, వాన అని ఉన్నయి. నావి అండ్ల లేవు. 'ఇతరములు' అన్నది ఒత్తి, "భక్తులు" అని రాసిన.

గీ భక్తులేందని మేడం అడిగితే ఎర్రగుడ్డ కొమ్మకు గల్లీ మొక్కుడు, ఆకు తెంపనీకి భయపడుడు చెప్పిన. మేడంకు అది శానా నచ్చిందంట. జనం నమ్మకాలు పురుగులను ఎట్ల కాపాడ్తయో రాస్తదంట. ఒక్క సంగతి మాత్రం అడిగింది: "ఆ కొమ్మకు మొట్టమొదట ఎర్రగుడ్డ కట్టింది ఎవరో కనుక్కోగలరా?"

కనుక్కుంటున్ననని జవాబిచ్చిన.