చనిపోయింది ఆవిడ, ఫోటో వాడిది

మా ఎదురింటావిడ పోయిందన్న కబురు నాకు ఒక మగవాడి ఫోటోతో సహా వచ్చింది. ఆ పొద్దున నేను మియాపూర్‌లో మా చెల్లెలింట్లో ఉన్నాను. మా కోడలు ఫోన్‌కి ఏదో వార్త పంపింది. తెరిచి చూస్తే తెల్ల చొక్కా, పొందిగ్గా కత్తిరించుకున్న గడ్డం, కిటికీలోంచి బయటికి చూస్తూ దిగులుపడడం బాగా సాధన చేసిన ముఖం. కింద, ఫలానా డాక్యుమెంటరీతో పేరు తెచ్చుకున్న ఫలానా వారి అత్తగారు కన్నుమూత, అని రాసి ఉంది. చనిపోయింది ఆవిడ, ఫోటో వాడిది. ఆవిడ కూతుర్ని చంపినవాడిది.

ఆవిడ ఫోటో దొరక్క కాదు. ఆ వార్త పెట్టిన కుర్రాడి నంబరు సంపాదించి అడిగాను. "ఆవిడ ఫోటో పెడితే ఎవరూ క్లిక్ చెయ్యరండీ మామ్మగారూ, రీచ్ ఉండదు" అని మర్యాదగానే చెప్పాడు. చివర్లో సంతాపం కూడా తెలిపాడు.

వాడు అనే రాస్తాను. గౌరవవాచకం చేర్చాలనిపించే సంపాదకులుంటే ఇక్కడే ఆగిపోవచ్చు. పేరు మాత్రం రాయను. అది మీ అందరికీ వచ్చు. నా ఏడుపు కూడా అదే.

ఆవిడ కొత్తగూడ మనిషి. నేను కోస్తా నుంచి వచ్చినదాన్ని. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాక కొడుకు ఉద్యోగం వెంట ఈ అపార్ట్‌మెంటుకి చేరాను. ఆవిడ ఎక్కడి నుంచీ రాలేదు, అపార్ట్‌మెంటే ఆవిడ దగ్గరికి వచ్చింది. మా బ్లాకు ఉన్నచోట వాళ్ళ నాన్న జొన్న వేసేవాడట. "గీ లిఫ్టు ఉన్న కాడనే మా బర్రెను కట్టేస్తుంటిమి అక్కా" అని లిఫ్టులో అందరికీ వినపడేట్టు చెప్పేది. ల్యాప్‌టాప్ సంచుల పిల్లలు కాళ్ళు కొంచెం జరుపుకొని నిలబడేవారు.

ఏటా ఎండాకాలం టెన్నిస్ కోర్టులో మిరపకాయలు ఆరబోసేది. సెక్యూరిటీ అతను వచ్చి రూల్సు చెబితే, "ఏ జాగల ఆరబోయాల్నో నువ్వు చెప్తవా బిడ్డా? నువ్వు పుట్టకముందు సంది గీడ్నే పోస్తున్న" అనేది. చివరికి ఆ మిరపకాయలకు అతనే కాపలా కూర్చునేవాడు. కారం పట్టించాక మొదటి డబ్బా అతనికే వెళ్ళేది. మేం పరిచయమైన కొత్తలో నా చారు రుచి చూసి, "మంచిగుంది అక్కా, జర నీళ్లు తక్కువ పోస్తే పప్పు అయితుండె" అంది. ఇలాంటి నోరు నాకొక్కదానికే ఉందనుకునేదాన్ని. ఆ రోజు నుంచి నాకు తోడు దొరికింది.

కూతురు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ మణికొండలో కాపురముండేది. భర్తే చంపాడు. ఎలాగో నేను రాయను. స్లో మోషన్‌లో, వయొలిన్ పెట్టి మరీ చూపించారు కదా. అప్పటికి నాలుగేళ్ళ మనవరాలు అమ్మమ్మ దగ్గరికి వచ్చేసింది. వాడికి శిక్ష పడింది. కొన్నేళ్ళకు, అప్పీలు తేలేదాకా అని బెయిలు మీద బయటికొచ్చాడు.

ఆ ఇంట్లో కూతురి ఫోటో ఉండేది, దండ ఉండేది, మాట మాత్రం ఉండేది కాదు. "దాని మాట ఎత్తితే అది మళ్ల సస్తదేమోనని భయమాయె అక్కా" అని ఒక్కసారి నాతో అంది. వెంటనే, "ఇగ చాలు తియ్, చాయ్ తాగు" అంది. మనవరాలు కూడా అడగడం మానేసింది. పిల్లలకు అలాంటివి చెప్పకుండానే అర్థమవుతాయి.

ఆ ఖాళీలోకి వచ్చారు డాక్యుమెంటరీ వాళ్ళు. దర్శకురాలు చిన్నపిల్ల, ఖద్దరు చీర, వినయం. నేను అక్కడే ఉన్నాను.

"ఆంటీ, మేం మీ సైడ్ కూడా వినాలనుకుంటున్నాం. బ్యాలెన్స్ కోసం."

"నా సైడ్ ఏంది బిడ్డా? ఇది కబడ్డీనా?"

"అలా కాదు ఆంటీ. అతని మైండ్‌లో ఏం జరిగిందో తెలిస్తే సొసైటీ నేర్చుకుంటుంది కదా."

"ఆని మైండ్ల ఏమున్నదో కోర్టు జూసింది. నా బిడ్డ మైండ్ల ఏముండెనో ఎవలన్న అడిగిన్రా?"

ఆ అమ్మాయి చక్కని నోట్సు పుస్తకంలో ఆ మాటే రాసుకుంది. ఎదురింటావిడ లేచి తలుపు తీసి పట్టుకుంది. పొమ్మని చెప్పడంలో ఆవిడ మర్యాద అది.

నేరాల గురించి సినిమాలు తీయకూడదని నేననను. మూసేసిన కేసులు తెరిపించినవాళ్ళు, జైల్లో మగ్గుతున్న అమాయకుణ్ణి బయటికి తెచ్చినవాళ్ళు ఉన్నారు. వాళ్ళకో దండం. ఇక్కడ కేసు తేలిపోయింది. కొత్తగా చెప్పడానికి మిగిలింది వాడి గొంతు ఒక్కటే. అది బాగుందని అమ్ముకున్నారు. మా చరిత్ర పుస్తకాలకూ ఈ జబ్బుంది. నరికినవాడికి ఒక అధ్యాయం, తెగినవాళ్ళందరికీ కలిపి ఒక అంకె.

సినిమా ఎపిసోడ్లుగా వచ్చింది. మా కోడలు ఉల్లిపాయలు తరుగుతూ హత్యలు చూసే మనిషి. ఆ కన్నీళ్ళు దేనివో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. ఇది మాత్రం సగంలో ఆపేసింది. లిఫ్టులో మిగతా వాళ్ళ మాటలు వినపడేవి. "ఎంత బాగా మాట్లాడాడో కదా!" "ఆ కళ్ళు చూశావా?" "పాపం, ఎక్కడో ఏదో తేడా జరిగుంటుందిలే." అవును తల్లీ, జరిగింది. ఒక మనిషిని చంపాడు.

అసలు దెబ్బ అది కాదు. ఒక సాయంత్రం వాళ్ళింట్లో చిక్కుడుకాయలు వలుస్తూ కూర్చున్నాం. అప్పటికి పదో తరగతిలో ఉన్న మనవరాలు స్నేహితురాలి ఇంటి నుంచి వచ్చి, బ్యాగు దించకుండానే, "అమ్మమ్మా, గుత్తి వంకాయ చేస్తావా? అమ్మకి ప్రాణమంట కదా. వాన పడితే పాటలు పాడుకుంటూ చేసేదంట కదా" అంది.

ఎదురింటావిడ చెయ్యి ఆగిపోయింది. "ఎవలు జెప్పిన్రు?"

"ఆయన. సినిమాలో."

నాన్న అనలేదు. ఆయన అంది. అదైనా మిగిలిందనుకున్నాను. ఆ పిల్ల అంతటితో ఆగలేదు. దర్శకురాలు తనకు నేరుగా మెసేజ్ పెట్టిందట. ఆఖరి ఎపిసోడ్ ఒకటి తీస్తారట, తండ్రీ కూతుళ్ళ కలయిక. ఒక్కసారి వెళ్తానంది.

"ఎందుకు బిడ్డా?"

"అమ్మ గురించి వినడానికి. అమ్మ గురించి ఆయనకే కదా తెలుసు."

ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. గిన్నెలో కాయలు అలాగే వదిలేసి వెళ్ళి మంచమ్మీద పడుకుంది. మర్నాడు నాతో అంది: "ఆడు నా బిడ్డను ఒక్కసారే సంపిండనుకున్న. ఇప్పుడు దాని లెక్క ఇంకొక పిల్లను తయారుజేసి, నా మనుమరాలికి ఇస్తున్నడు అక్కా."

సరిగ్గా అప్పుడే మా అసోసియేషన్‌కు ఉత్సాహం ముంచుకొచ్చింది. ఆ సినిమాలో డ్రోన్ షాటు ఒకటుంది, తల్లి ఉండే చోటు అని చూపిస్తూ. అందులో మా స్విమ్మింగ్ పూలు పడింది. వాట్సాప్ గ్రూపునిండా చప్పట్ల బొమ్మలు. క్లబ్‌హౌస్‌లో పెద్ద తెర మీద అందరం కలిసి చూద్దామన్నారు. సమోసాలు, టీ. చూడ్డం అయ్యాక ఆ తల్లికి సన్మానం! మనవాళ్ళకు ఎదుటి మనిషిని ఏం చెయ్యాలో తోచకపోతే శాలువా కప్పుతారు. సెక్రటరీగారు గుంటూరు మనిషి, మెత్తని మనిషి. స్వయంగా వచ్చి, "మీరు తప్పకుండా రావాలండి, మన కమ్యూనిటీ తరఫున చిన్న గౌరవం" అన్నాడు. నేను నోరు తెరవబోయాను. ఆవిడ నా చెయ్యి నొక్కి, "వస్త సార్. మైకు ఉంటదా?" అంది.

వెళ్ళాం. మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుంది. ఒక ఎపిసోడ్ అంతా కళ్ళార్పకుండా చూసింది. ఆఖర్న తెర మీద వాడి ముఖం దగ్గర బొమ్మ ఆపారు. గోడంత ముఖం, సగం తెరిచిన నోరు. ఆ ముఖం కిందే సెక్రటరీగారు ఆవిడకు శాలువా కప్పి, ఫోటో తీయించి, మైకు ఇచ్చాడు.

"ఆని మొఖం తియ్యుర్రి ముందుగాల" అంది.

రిమోట్ కనపడలేదు. ముగ్గురు వెతికారు, ఒకాయన కుర్చీల కింద పాకాడు. ఆవిడ కాసేపు చూసి, భుజం మీది శాలువా తీసుకొని, నడుచుకుంటూ వెళ్ళి ప్రొజెక్టర్ మీద కప్పేసింది. గోడ చీకటైంది. నా ఇన్నేళ్ళ ఉద్యోగంలో చాలా సన్మానాలు చూశాను. శాలువా ఒక పనికి రావడం అదే మొదటిసారి.

తర్వాత మాట్లాడింది. హంతకుడి గురించి, న్యాయం గురించి ఏమైనా అంటుందని ఫోన్లు పైకి లేచాయి.

"నా బిడ్డ వంకాయ ముట్టకపోయేది. తింటే గొంతు దురద పెడుతుండె. పాట దానికి ఏడొస్తది? గురక వెట్టుడు మాత్రం వస్తుండె, పక్క అర్రల మేం లేస్తుంటిమి. బల్లిని జూస్తే మంచం ఎక్కుతుండె. ఎంసెట్ల మొదటిసారి ర్యాంకు రాకపోతే తలుపేసుకొని ఏడ్సింది, తలుపు సందులకెల్లి జంతికలు మాత్రం తీసుకుంటుండె. పేకాటల తొండి. చీరె కట్టుడు రాకపోయేది, కుచ్చిళ్లు నేనే పట్టాలె..."

మొదట విన్నారు. ఆ తర్వాత కుర్చీలు కదలడం మొదలైంది. పైకి లేచిన ఫోన్లు ఒక్కొక్కటే దిగాయి. ఇందులో రక్తం లేదు, రహస్యం లేదు. ఒక మామూలు ఆడపిల్ల ఉంది. మామూలు ఆడపిల్లను ఎంతసేపని వింటారు? వెనక వరసల వాళ్ళు టీ బల్ల దగ్గరికి జారుకున్నారు.

సెక్రటరీగారు దగ్గరికొచ్చి, "అమ్మా, సమోసాలు చల్లారిపోతున్నాయండీ" అన్నాడు.

"తినుర్రి సార్. నేనేమన్న మీ నోరు వట్టుకున్ననా?"

మళ్ళీ మైకు నోటి దగ్గర పెట్టుకొని, కూతురు సైకిల్ నేర్చుకుంటూ ఏ గోడకు గుద్దుకుందో చెప్పింది. చివరికి హాలులో మేం ముగ్గురమే మిగిలాం. మైకు అక్కర్లేకపోయినా వదల్లేదు. ఆ పిల్ల ముందుకు వంగి, రెండు చేతులూ గడ్డం కింద పెట్టుకొని వింటోంది. జంతికల దగ్గర నవ్విందని నాకు గుర్తు. సైకిల్ దగ్గర ఏడ్చింది.

మర్నాడు పిల్ల దర్శకురాలికి రానని మెసేజ్ పెట్టింది. "ఎందుకో చెప్పగలవా, కెమెరా ముందు?" అని జవాబొచ్చింది. వాళ్ళకు కాదన్న మాట కూడా ఒక సీనే.

ఆ తర్వాత ఆ ఇంట్లో కూతురి మాట ఆగలేదు. కూర తరుగుతూ, బట్టలు మడత పెడుతూ చెప్పేది. ఒకే సంగతి మళ్ళీ చెబితే పిల్ల "ఇది అయిపోయింది, కొత్తది చెప్పు" అనేది. "కొత్తది ఏడికెల్లి తేవాలె? ఉన్నయే చెప్త" అని విసుక్కుంటూనే ఇంకోటి తీసేది. "సచ్చినోళ్ల ముచ్చట బతికినోళ్లు చెప్పాలె, సంపినోళ్లు కాదు" అనేది. ఆవిడ ఈ రెండేళ్ళలో చేసిన పని అదొక్కటే. ఇంకో పదేళ్ళకు సరిపడా సంగతులు ఉన్నాయనుకునేది. గుండె అంత సమయం ఇవ్వలేదు. పొద్దున నొప్పన్నదట, దవాఖానకు చేరేసరికే అయిపోయిందట. నేను మియాపూర్ నుంచి వచ్చి చూసేసరికి ముఖంలో ఇంకా ఏదో చెప్పబోతున్నట్టే ఉంది.

పెద్దకర్మ అయిన మర్నాడు ఆవిడ కొడుకు, పిల్ల మేనమామ, సామాను సర్దుతున్నాడు. పిల్లను తన ఇంటికి తీసుకెళ్తున్నాడు. సామాను మధ్యలోంచి ఆ పిల్ల బయటికొచ్చి, మా గడప దగ్గర వరండాలో నేలమీద కూర్చుంది.

"మామ్మా, అమ్మమ్మ గురించి మీకు తెలిసినవన్నీ చెప్పండి. ఇంకెవరో చెప్పకముందే."

నేను కుర్చీ తెచ్చుకొని కూర్చున్నాను. మేమిద్దరం మొదటిసారి మెట్రో ఎక్కిన సంగతి ఎత్తుకున్నాను. స్టేషన్‌లో ఎస్కలేటర్ ముందు మీ అమ్మమ్మ ఆగిపోయి, జనమంతా వెనక నిలబడిపోతే, చెప్పులు విప్పి చేతిలో పట్టుకొని...

లిఫ్టు తెరుచుకుంది. పై అంతస్తు భార్యాభర్తలు. కిందికి పోవాల్సినవాళ్ళు. పిల్లను చూసి ఆ అమ్మాయి తలుపు మూసుకోకుండా బటన్ నొక్కి పట్టుకుంది.

"నువ్వు... ఆయన కూతురివి కదా?"

"ఈ ఇంటి అమ్మమ్మ మనవరాల్నండి" అంది పిల్ల.

తలుపు మూసుకోలేదు. ఆమె వేలు బటన్ మీదే ఉంది. పక్కన భర్త చేతిలో ఫోన్ మెల్లగా పైకి లేస్తోంది. పిల్ల కూర్చున్నచోటే తిరిగి, వాళ్ళకు వీపు చూపించి, నా మోకాలు తట్టింది.

"రెండు చెప్పులూ విప్పిందా మామ్మా, ఒక్కటేనా?"

నేను గుర్తు తెచ్చుకుంటున్నాను. ఆ పిల్ల నా నోటికేసి చూస్తూ కూర్చుంది.