జలసంధి దాటిన గుణుపూర్ బస్సు

తొంభై ఒకటిలో గల్ఫు యుద్ధం మొదలైన కొద్ది రోజులకి మా చెల్లెలు పార్వతి రాసిన ఇన్‌లాండ్ లెటరు వచ్చింది. "అన్నయ్యా, ఓసారి రా. ఉత్తరంలో రాసేది కాదు" అని ఒకటే ముక్క. దాని భర్త సూర్యారావు చమురు ఓడలో ఇంజను గదిలో పనిచేస్తాడు. నేను విజయనగరంలో పిల్లలకి భూగోళం చెప్పేవాణ్ణి. రెండు రోజులు సెలవు పెట్టి బయల్దేరాను.

ఉదయం ఆరింటికి రాయగడ పాసింజరెక్కాను. బొబ్బిలిలో ఇడ్లీ, పార్వతీపురంలో టీ. ఎదుటి సీట్లో జేకేపూర్ కాగితం మిల్లులో పనిచేసే పెద్దమనిషి పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుని అడిగాడు.

"యుద్దమేమో వోళ్ళది, కిరసనాయిలు లైనేమో మనది. ఇదేటి నాయం మేస్టారూ?"

నాకు పాఠం చెప్పే జబ్బు ఉంది. గల్ఫు ఒక కూజా అనుకోండి, దాని మెడ హోర్ముజ్ జలసంధి, లోపల నింపుకున్న ప్రతి ఓడా ఆ మెడలోంచే బయటికి రావాలి, నీళ్ళలో మందుపాతరలు తేలుతున్నాయంటున్నారు అని వేలితో గాలిలో గీసి చూపించాను.

"అంటే మూతి కాడ ఒకడు కూకుంటే సాలు, ఊరందరికీ దాహమే" అన్నాడాయన. నేను పది నిమిషాలు చెప్పింది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు.

పదిన్నరకి రాయగడ. బజారులో కిరసనాయిలు కొట్టు ముందు మనుషుల బదులు సీసాలు వరసలో నిలబడి ఉన్నాయి. మెడకి తాడు కట్టిన సీసాలు. వాటి తాలూకు కోందు గిరిజన ఆడవాళ్ళు కొండల మీంచి తెల్లారకముందే దిగి వచ్చి గోడ నీడన కూర్చున్నారు. కొట్టు యజమాని మన బొబ్బిలి వైపు మనిషే. బయటికి వచ్చి, ఇవాళ లేదు, రేపు రమ్మని ఒడియాలో చెప్పాడు. వాళ్ళు ఎవరి సీసా వాళ్ళు తీసుకుని వెళ్ళిపోయారు. ఎవరు ఎవరితో కొట్టుకుంటున్నారో ఆ ఆడవాళ్ళకి చెప్పినవాడు లేడు. నాకు ఒళ్ళు మండింది, ఎవరి మీదో మాత్రం తెలియలేదు.

డీజిలు లేక బస్సులు తగ్గించేశారు. తెలుగు హోటల్లో ముద్దపప్పు, వంకాయ కూరతో భోంచేసి, ఒంటిగంట బస్సు పట్టుకుని మూడున్నరకి పద్మపూర్‌లో దిగాను. అక్కణ్ణుంచి పార్వతి వాళ్ళ ఊరు ఒక మైలు నడక.

వాళ్ళది శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ భూములు చేసుకుంటున్న కుటుంబం. ఇంట్లో ఉండేది ఇద్దరే, పార్వతి, దాని అత్త అసిరమ్మ. వసారా గోడకి నేను పంపిన ప్రపంచ పటం ఉంది. దానికి వాళ్ళు ఒక ఆచారం పెట్టుకున్నారు. సూర్యారావు ఉత్తరం రాగానే పార్వతి తన నుదుటి బొట్టుబిళ్ళ తీసి, ఓడ ఎక్కడుందో అక్కడ అంటిస్తుంది. పటం మీది పాతది తీసేసి, తన నుదుట కొత్తది పెట్టుకుంటుంది. చదువు రాని అసిరమ్మ పొద్దున్నే దీపం పెట్టి, కొడుకు ఎక్కడున్నాడో పటంలో చూసుకుంటుంది. ఆ రోజు బొట్టు జలసంధికి ఇవతల, అరేబియా సముద్రంలో ఉంది.

అత్త పశువుల దగ్గరికి వెళ్ళగానే పార్వతి బియ్యం డబ్బాలోంచి ఉత్తరం తీసింది.

"పది రోజులయింది అన్నయ్యా. సరుకెత్తడానికి లోపలికెల్తన్నామని రాసేరు. అత్తకి సెప్పనేదు. బొట్టు కదపడానికి నాకు సెయ్యి రానేదు." ఏడుపు ఆపుకుంటూ అడిగింది. "ఆవిడికి నువ్వు సెప్తావేటి?"

చెప్తానన్నాను. రాత్రి భోజనాల దగ్గర చెప్పలేకపోయాను.

మర్నాడు ఆరింటికి పళ్ళు తోముకుంటుంటే అసిరమ్మే నా పక్కన నిలబడింది.

"బాబూ, మా వోడు ఎల్లకూడని సోటికే ఎల్లేడు గదా?"

"ఎవరు చెప్పారత్తా?"

"పోస్టోడు ఉత్తరమిచ్చినానని సెప్పేడు. బొట్టు సూస్తే కదల్నేదు. ఆపాటి తెలీదేటి నాకు? అమ్మి బెంగెట్టుకుంటాదని అడగనేదు." మళ్ళీ తనే అడిగింది. "ఆ సందు ఎంత ఎడల్పుంటాది?"

ఇరుకైన చోట ఇక్కడి నుంచి గుణుపూర్ ఎంతో, రమారమి అంతే ఉంటుందన్నాను. ఆవిడ లోపలికి వెళ్ళి చీర మార్చుకుని, కొబ్బరికాయ సంచిలో వేసుకుని వచ్చింది. కోడలితో గుణుపూర్‌లో అమ్మోరికి మొక్కు ఉందని చెప్పింది. గుణుపూర్‌లో రైలెక్కి ఇంటికి పోవచ్చని నేనూ సంచి తీసుకుని వెంట బయల్దేరాను.

ఎనిమిదింబావుకి గుణుపూర్ బస్సు. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని కాయని రెండు చేతులా పట్టుకుంది. కొడుకు తరఫున ఆవిడ జలసంధి దాటుతోందని నాకప్పుడు అర్థమైంది. నిజానికి ఓడ ఆ వెడల్పుని దాటదు, పొడుగునా పోతుంది, అది చాలా ఎక్కువ దూరం. పద్దెనిమిదేళ్ళుగా పిల్లల తప్పులు దిద్దినవాణ్ణి, ఆ తప్పు దిద్దడానికి నాకు నోరు రాలేదు.

డ్రైవరు పల్లం వచ్చినప్పుడల్లా ఇంజను కట్టేసి బస్సుని ఊరికే దొర్లించాడు. సగం దారిలో అదీ ఆగింది. ట్యాంకు ఖాళీ. జనం దిగి నడక మొదలెట్టారు.

"దిగత్తా, నడుద్దాం" అన్నాను.

"నాను దిగను. దిగితే మా వోడు మద్దెలోనే ఉండిపోతాడు."

గంటకి పైగా ఆ ఖాళీ బస్సులో ఇద్దరమే కూర్చున్నాం. నాకు భయం వేసింది. యుద్ధం సంగతులు రేడియోలో విన్నప్పుడు కూడా వెయ్యని భయం. చివరికి కండక్టరు పొలాల్లోంచి డబ్బాతో వచ్చాడు. ఎవరో రైతు మడికి నీళ్ళు తోడే ఇంజనులోంచి తీసి ఇచ్చాడట. అసిరమ్మ ఆ పొలం వైపు తిరిగి దణ్ణం పెట్టింది.

పదకొండున్నరకి గుణుపూర్ చేరాం. గుడి ముందు కొబ్బరికాయ కొట్టి, సగం చెక్క నా చేతిలో పెట్టి "దాటేసినాడు బాబూ" అంది.

ఉండబట్టలేక అడిగాను. "మరి నువ్వు తిరిగి అదే దార్లో వెళ్ళాలి కదత్తా?"

"తిరిగెల్లేది నాను. వోడు కాదు."

మధ్యాహ్నం చిన్న రైలెక్కాను. మనిషి పక్కన పరిగెత్తగలిగే ఆ రైల్లో నౌపడా దాకా కొబ్బరి నములుతూ ఆలోచించాను. ఇన్నేళ్ళూ జలసంధి అంటే రెండు సముద్రాలని కలిపే సన్నటి నీటి పాయ అని నిర్వచనం వల్లె వేయించాను. దాని ఇవతలి ఒడ్డు రాయగడలో సీసాల వరస దాకా, గుణుపూర్ దారిలో ఒకరి మడి దాకా వచ్చిందని నాకు తెలియదు. ఆ ఒడ్డుని ఎవరూ ఏ పటంలోనూ అచ్చు వెయ్యలేదు.

నెల తిరక్కుండా పార్వతి కార్డు వచ్చింది. "ఆ సాయంత్రం అత్త వస్తూనే నా నుదుటి బొట్టు తీసి, జలసంధి బయట తనే అంటించింది. నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. నిన్న ఆయన ఉత్తరం వచ్చింది. బొట్టు జరపాల్సిన పని లేకపోయింది అన్నయ్యా."