గోడకెక్కిన డిస్కులు

మొగులయ్య పన్నెండేళ్లు ఏరిన లేజర్ డిస్కులను వినీత్ గోడ గడియారాలుగా మార్చేశాడు.

బీదర్ గాంధీ గంజ్ వెనక పాత వీసీఆర్లు, డిస్క్ ప్లేయర్లు బాగుచేసే దుకాణం మొగులయ్యది. మూతపడ్డ వీడియో పార్లర్లు తిరిగి, పళ్లెమంత డిస్కులు తెచ్చుకునేవాడు. ఒకవైపు అయిపోయాక డిస్కును తిరగేస్తేనే మిగతా సినిమా వస్తుంది. అందాకా ఓపిగ్గా కూర్చోనివాడికి ఆయన డిస్కు ఇచ్చేవాడు కాదు. హైదరాబాద్ నుంచి వచ్చిన భూముల వ్యాపారి వినీత్, ఫోనొచ్చి మధ్యలోనే లేచాడు. అయినా, "ప్రతి ఆదివారం ఆడిస్తనే మొగులన్నా" అంటే నమ్మి ముప్పై డిస్కులిచ్చాడు.

హైదరాబాద్‌లో భూములు బంగారమైన రోజులవి. డబ్బు చేసినవాడికి ప్రతిదీ గోడకు కొట్టుకునే వస్తువే. ప్లేయర్ బిగించడానికి మాదాపూర్‌లో వినీత్ ఇంటికి వెళ్లిన మొగులయ్యకు గోడల నిండా తన డిస్కులే కనిపించాయి, జిగురు పూసి, ముళ్లు బిగించి. ఆయన తెచ్చిన ప్లేయర్‌ను చంకన పెట్టుకొని తిరుగు బస్సెక్కాడు.

నాలుగు నెలలకు వినీత్ కారు దుకాణం ముందు ఆగింది.

"చుట్టాలు ఒక్కటన్న ఆడించి చూపమంటున్నరన్నా. ఆ జిగురు తీసి బాగుచెయ్యి."

మొగులయ్య తలెత్తలేదు.

"సచ్చినోని ఫొటోకు దండేస్తరు గానీ, మాట్లాడమని అడుగుతరా సారూ? సంపింది నువ్వే. పో."