పొయ్యి ముట్టించడం ఎవరు నేర్పారంటే

నిన్న కట్టుకున్న నూలు చీర తలుపు వెనక కొక్కేనికి వేలాడుతోంది. ఉతకడానికి తీద్దామని దగ్గరికి వెళ్లానో లేదో, కట్టెల పొగా, నిప్పుల్లో మాడిన ఎండుమిరపకాయ ఘాటూ కలిసిన వాసన గుప్పుమంది. ఈ వాసన ఎక్కడ తగిలినా నాకు ముందు ఆకలి వేస్తుంది, ఆ వెంటనే సిగ్గు వేస్తుంది. ఆ సిగ్గు దేనికో ఇన్నేళ్లలో కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు. ఎమ్మిగనూరు దగ్గర ఒక బడిలో నేను సైన్సు టీచర్ని. నిన్న మా ఎనిమిదో తరగతి పిల్లల్ని కాలువ గట్టుకు తీసుకుపోయి, ఆరుబయట సులువుగా చేసుకోగల వంటలు రెండు మూడు నేర్పించి వచ్చాను. ఆ వంటలు నాకు ఎవరు నేర్పారో మాత్రం వాళ్లకు చెప్పలేదు.

మాది నందవరం దగ్గర చిన్న పల్లె. పత్తి తీతలు అయిపోయి, చేలన్నీ బోడిగా మిగిలి, పొద్దున్నే చలిమంటల దగ్గర పెద్దవాళ్లు పని మాటే మాట్లాడుకునే రోజుల్లో, సగం ఊరు మూటాముల్లె కట్టుకుని లారీలెక్కి గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోయేది. దాన్ని మా పక్క సుగ్గికి పోవడం అంటారు. పోయే ముందు రెండు రోజులు అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచేది కాదు. జొన్నరొట్టెలు అప్పడాల్లా ఎండిపోయేదాకా కాల్చి, పాత పంచెలో దొంతర్లుగా పేర్చి మూట కట్టేది. నెల తర్వాత కొరికినా కరకరమనేవి. చెనక్కాయల పొడి ఒక డబ్బా, గురెళ్ల కారం ఒక డబ్బా, బొరుగులు ఒక గోతాం, మధ్యలో ఎక్కడో నా పలకా పుస్తకాలూ. లారీలో నేను బొరుగుల గోతాం మీద కూర్చునేదాన్ని, అది మెత్తగా ఉంటుందని.

అక్కడ చేల పక్కనే వరసగా పట్టల గుడారాలు వేసుకునేవాళ్లం. పెద్దవాళ్లు చీకటితో లేచి చేలోకి దిగితే పొద్దు వాలాకే రావడం. రోజంతా మిరపకాయలు కోసిన చేతులు ఎంత మండుతాయో కోసినవాళ్లకే తెలుసు. అమ్మ ఆముదం రాసుకునేది, మజ్జిగలో ముంచుకునేది, అయినా మంట తగ్గేది కాదు. ఆ చేతులతో వేడి అన్నం కలుపుకోలేరు గనక గుడారాల్లో వంట ఆడపిల్లలదే, ముద్దలు కలిపి పెద్దవాళ్ల నోటికి అందించడం కూడా మాదే. అమ్మ చంటిపిల్లలా నోరు తెరిచి నా చేతి ముద్ద తినేది. అప్పుడు నాకు పదేళ్లు. దాన్ని అప్పట్లో గొప్పగానే అనుకున్నాను.

మొదటి ఏడు మొదటి రోజే ఘనకార్యం చేశాను. పొయ్యి కోసమని చేను గట్టున ఎండిన మిరప మోళ్లు చంకనిండా ఏరుకొచ్చి, వాటికి ఇంకా కాయలు అంటుకునే ఉన్నాయని చూసుకోకుండా అంటించేశాను. క్షణంలో గుడారాలన్నీ దగ్గుతూ బయటికి పరుగెత్తాయి. ముసలీ ముతకా ముక్కులు చీదుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ, ఏ పిల్ల ఇది అని వెతకసాగారు. పక్క గుడారం నుంచి ఒక దూదేకుల అవ్వ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని వచ్చి, తిడుతూ నవ్వుతూ నా పొయ్యి మీద కడవెడు నీళ్లు కుమ్మరించింది. ఆమె వెనకే ఆమె మనవరాలు ఖాసింబి వచ్చింది, నా ఈడుదే, ఒంటి జడకు ఎర్ర రిబ్బను కట్టుకుని.

"ఏమ్మే, ఊరంతా సంపుతావా? జరుగు, నేను సూపిచ్చా" అంది ఖాసింబి.

అలా నేర్పింది. గాలి ఎటు నుంచి వస్తోందో పిడికెడు మట్టి వదిలి చూసి, అటు వీపు పెట్టి కూర్చోవడం. రెండు రాళ్లు దగ్గరగా, మూడోది కాస్త ఎడంగా పెట్టడం. పుల్ల మోకాలి మీద విరిస్తే టక్కుమనాలి, వంగిందంటే అది పచ్చిదని పారేయడం. ఆమె చేసే వంటలు అన్నీ కష్టం లేనివే, కష్టపడే ఓపిక అక్కడ ఎవరికుంటుంది గనక. బొరుగులు నీళ్లలో ముంచి పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిరప, పసుపు ఇంత నూనెలో వేయించి కలిపి, పైన పప్పుల పొడి చల్లితే ఉగ్గాని. టమాటాలు నిప్పుల్లోకి దొర్లించి, తొక్క చిట్లగానే తీసి, కాల్చిన ఎండుమిరపకాయలతో, ఉప్పుతో, వెల్లుల్లితో చెంబు అడుగుతో నూరితే పచ్చడి. ఎండురొట్టె తుంచి వేడి చారులో వేసి మూత పెడితే, మేము అయిదు రాళ్లతో అచ్చనగిల్లలు ఒక ఆట ఆడుకునేలోపు మెత్తబడి కూర్చునేది. అవ్వ ఏది వండినా మొదటి చిటికెడు నిప్పులో వేసి, రెండోది ముంజేతి మీద పెట్టుకుని నాకి ఉప్పు చూసేది. ఆ ఏడు రంజాను గుడారాల్లోనే వచ్చింది. సేమ్యాలు దొరకలేదని అవ్వ మా అమ్మ దగ్గరున్న ఎండురొట్టెలు అడిగి తీసుకుని, చేత్తో నలిపి, బెల్లం తురిమి, ఇంత నెయ్యి వాసన తగిలించి అందరికీ గుప్పెడు గుప్పెడు పంచింది. తర్వాత ఎన్నో పెళ్లి భోజనాలు తిన్నాను గానీ అంత తీపి మళ్లీ తగల్లేదు.

రెండేళ్లు అలా గడిచాక నాన్నకు ఆదోనిలో పత్తి మిల్లు కాపలా పని దొరికింది. మేము టౌనుకు మారాం. నన్ను వేసిన బడిలో ఎక్కువమంది దుకాణాలవాళ్ల పిల్లలు, ఉద్యోగస్థుల పిల్లలు. టిఫిన్ డబ్బాలో పూరీలు, జడల్లో మల్లెపూలు. మా నాన్న మిల్లులో పని చేస్తాడని చెప్పాను, ఏ పనో చెప్పలేదు. సుగ్గి అన్న మాట నా నోట రానివ్వలేదు. గుంటూరు గురించి ఎవరైనా అంటే, అక్కడ మా మేనత్త ఇల్లు ఉందని ఒక అబద్ధం కూడా కుట్టి పెట్టుకున్నాను.

ఎనిమిదో తరగతి మొదట్లో ఖాసింబి అదే బడికి వచ్చింది. ఆదోనిలో వాళ్ల చిన్నమ్మ ఇంట్లో ఉంచి చదివిస్తున్నారట. నన్ను చూడగానే అరుగు మీద నుంచి ఒక్క దూకు దూకి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. నేను సంతోషపడాల్సింది, కంగారుపడ్డాను. ఆమెను నీళ్ల కొళాయి వెనక్కి లాక్కుపోయి, "సుగ్గి సంగతి ఈడ ఎవరికీ సెప్పొద్దు" అన్నాను. ఆమె నన్ను ఒక క్షణం చూసి, "సరేలే, సెప్పను" అంది. ఎందుకని అడగలేదు.

ఆ చలికాలంలో బడివాళ్లు మమ్మల్ని మంత్రాలయం అవతల తుంగభద్ర ఒడ్డుకు మూడు రోజుల క్యాంపుకు తీసుకుపోయారు. గుంపుకు ఆరుగురం, గుంపుకు ఒక డేరా. బియ్యం, బొరుగులు, టమాటాలు, ఉల్లిగడ్డలు ఇచ్చి, సులువుగా అయ్యేది ఏదైనా మీరే వండుకోండి అన్నారు టీచరు. ఏటి గాలి విసురుగా కొడుతోంది. మా గుంపుకు పెద్ద రజని, పత్తి వ్యాపారి కూతురు. ఆమె అగ్గిపెట్టె సగం తగలేసినా పొయ్యి రాజుకోలేదు. గాలికి వీపు పెట్టాలని నాకు తెలుసు. రాళ్లు ఎలా జరపాలో తెలుసు. రజని ఏరుకొచ్చిన పుల్లలు పచ్చివని రెండు బారల దూరం నుంచే తెలుస్తోంది. ఆకలికి కడుపు నకనకలాడుతున్నా, చేతులు ఒళ్లో పెట్టుకుని ఏమీ తెలియని నంగనాచిలా కూర్చున్నాను.

చివరికి మా గుంపులోనే ఉన్న ఖాసింబి లేచింది. రెండో పుల్లకే మంట వచ్చింది. ఉగ్గాని, నిప్పుల్లో కాల్చిన టమాటాల పచ్చడి. అందరూ వేళ్లు నాక్కుంటూ తిన్నారు, టీచరు కూడా రెండోసారి పెట్టించుకున్నారు. అప్పుడు రజని అడిగింది, ఇవన్నీ యాడ నేర్చుకున్నావని.

"సుగ్గిలో" అంది ఖాసింబి, గిన్నె అడుగు గీరుతూ. సుగ్గి అంటే ఏమిటని టౌను పిల్లలు అడిగితే, దాచుకోకుండా లారీ సంగతీ, పట్టల గుడారాల సంగతీ, అవ్వ సంగతీ ముచ్చటగా చెప్పింది.

"అంటే మీరు కూలోళ్లా?" అంది రజని. ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. రజని నా వైపు తిరిగి, "సరోజా, మీ పల్లెలోళ్లు గూడ పోతారంట కదా, నువ్వు గూడ పోయినావా?" అంది.

"ఛీ, మాకేం ఖర్మ" అన్నాను.

అనేటప్పుడు నా చేతిలో ఖాసింబి పెట్టిన ఉగ్గాని ఉంది. ఆమె తలెత్తి నన్ను చూసింది. కోపంగా చూసి ఉంటే ఇన్నేళ్లు నన్ను ఇది వెంటాడేది కాదేమో. ఆమె నెమ్మదిగా, రజనికి నచ్చజెప్తున్నట్టుగా, "ఆయమ్మకేం తెలుసప్పా, పొయ్యి ముట్టించనీకి గూడ రాదు" అని నన్ను కాపాడింది.

ఆ మూడు రోజులూ మా డేరా వంటంతా ఆమె మీదే పడింది. "సుగ్గీ, పొయ్యి ముట్టించు", "సుగ్గీ, నీళ్లు తే" అని పిలిచేవాళ్లు. బడికి తిరిగొచ్చాక కూడా అదే ఆమె పేరయింది. మిగతావాళ్ల మాట ఎందుకు, ఒకరోజు నేనూ అలాగే పిలిచాను, నలుగురి ముందు, నవ్వుతూ. ఆమె పలికింది కూడా. సంక్రాంతి సెలవులు అయ్యాక ఆమె మళ్లీ బడికి రాలేదు. ఇంట్లో పరిస్థితి బాగాలేక సుగ్గికి తీసుకుపోయారని ఎవరో అన్నారు. కావచ్చు. నా వల్లే మానేసిందని చెప్పడం నన్ను నేను పెద్ద చేసుకోవడం అవుతుంది. కానీ ఆమె బడిలో ఉన్న ఆ ఆరేడు నెలల్లో ఆమెకు తోడు నిలబడగలిగింది నేనొక్కదాన్నే, నిలబడలేదు. పెద్దయ్యాక రెండు మూడు ఊళ్లలో అడిగి చూశాను, ఆచూకీ దొరకలేదు.

ఇప్పుడు ఎండురొట్టెలు ఆదోని బజారులో కవర్లలో అమ్ముతున్నారు. గుడారాల్లో చిన్న సిలిండర్లు వచ్చాయట, మూడు రాళ్లు పెట్టేవాళ్లు తగ్గారట. ముంజేతి మీద ఉప్పు చూసే అవ్వలు లేరు. లారీలకు బదులు వ్యాన్లు. పోవడం మాత్రం ఆగలేదు, ఏటా పండగ దాటగానే నా తరగతిలో మూడు బెంచీలు ఖాళీ అవుతాయి.

నిన్న కాలువ గట్టున ఆ బెంచీల పిల్లే ఒకతె, అనిత, నా పక్కన కూర్చుని ఉంది. పిల్లల గుంపుల్లో ఎవరికీ పొయ్యి రాజుకోకపోతే, నేనే కొంగు దోపుకుని, గాలికి వీపు పెట్టి, పుల్లలు మోకాలి మీద విరిచి అంటించాను. టమాటాలు నిప్పుల్లోకి దొర్లించాను. అనిత నా చేతుల్నే చూస్తోంది. చూసి చూసి, ముఖమంతా వెలిగిపోతుండగా అడిగింది:

"టీచర్, మీరు గూడ సుగ్గికి పోయినారా?"

చుట్టూ పాతికమంది పిల్లలు చూస్తున్నారు. పక్కన లెక్కల మాస్టారు ఉన్నారు. అవునమ్మా అంటే సరిపోయేది, ఒక్క మాట. నాకిప్పుడు నలభై దాటాయి, ఉద్యోగం ఉంది, ఎవరికీ భయపడాల్సిన పని లేదు.

"లేదమ్మా, ఫోన్లో చూసి నేర్చుకున్నా" అన్నాను.

"అట్లనా టీచర్" అంది. ముఖంలో వెలుగు తగ్గింది. కాసేపటికి పక్క గుంపు పొయ్యి ఆరిపోతే, అనిత వెళ్లి రాళ్లు సరిచేసి, పచ్చి పుల్లలు ఏరి పారేసి, చిటికెలో మంట రప్పించింది. నీకెట్లా వచ్చే ఇది అని ఒక టౌను పిల్ల ఆశ్చర్యంగా అడిగింది. అనిత జవాబు చెప్పబోయి, ఆగి, ఒకసారి నా వైపు చూసింది.

"ఫోన్లో సూసినా" అంది.

వాళ్ల ఇంట్లో ఉన్నది బటన్ల ఫోను. ఆ పిల్ల బడికి రానప్పుడల్లా దానికి ఫోన్ చేసి కనుక్కునేది నేనే.