మమ్మల్ని ఆటలోకి దింపిన నాగరత్నమ్మ మేడం

ఇప్పుడు నేను పనిచేస్తున్న కోలారు బడిలో సాయంత్రాలు ఆడపిల్లలు త్రోబాల్ ఆడుతుంటారు. బంతి అరచేతుల్లో పడ్డప్పుడు వచ్చే ఠప్పుమనే చప్పుడు స్టాఫ్ రూమ్ కిటికీలోంచి వినిపిస్తే చాలు, నా అరచేతులు చురుక్కుమంటాయి, పెదవుల మీదికి నవ్వు వచ్చేస్తుంది. ఎందుకో పక్కనున్న కొత్త టీచర్లకు తెలియదు. వాళ్లు నాగరత్నమ్మ మేడాన్ని చూడలేదు మరి.

ఇంతకుముందు నేను పాఠాలు చెప్పిన బడికి ఆమె హెడ్మిస్ట్రెస్. బైరకూరులో రాగి పండించే ఇంటి ఆడపడుచు. పొట్టి మనిషి, కొంగు నడుముకు దోపుకొని వరండాలో నడుస్తుంటే ఆమె వెంట మేం పరుగెత్తవలసి వచ్చేది. ఆ బడి రాబర్ట్‌సన్‌పేట బజారు వెనక ఉండేది. అక్కడి బంగారు గనులు సర్కారు చేతికి వచ్చి చాలా ఏళ్లయింది గానీ, ఇక మూసేస్తారన్న మాట ఇంటింటా నలుగుతున్న కాలం అది. అంతవరకు తండ్రి తర్వాత కొడుకు గనిలోకి దిగుతాడన్న ధీమా ఉండేది. ఆ ధీమా పోయేసరికి తల్లిదండ్రుల ఆశంతా బడి మీద, అంటే టీచర్లమైన మా మీద వచ్చి పడింది. పొద్దున స్పెషల్ క్లాసు, సాయంత్రం స్పెషల్ క్లాసు, ఆదివారం పరీక్ష. దిద్దవలసిన పేపర్లు సంచీలో కుక్కుకొని బేతమంగళ బస్సెక్కేదాన్ని. ఇంట్లో అమ్మ పలకరిస్తే జవాబు చెప్పడానికి కూడా ఓపిక ఉండేది కాదు.

నేను సైన్సు టీచర్ని. ఒకరోజు పదో తరగతిలో కప్పీల పాఠం చెబుతుంటే, ఎన్నడూ నోరు విప్పని సెల్వి అనే పిల్ల లేచింది. వాళ్ల నాన్న గనికార్మికుడు. గని మీద తిరిగే పెద్ద చక్రం, దాని మీది తాడు, మనుషుల్ని కిందికి దింపే పంజరం, అన్నీ చేతులతో చూపిస్తూ, కప్పీ ఎలా పనిచేస్తుందో నాకంటే చక్కగా చెప్పింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాలో మాత్రం ఏమీ కదలలేదు. "సరే, కూర్చో" అన్నాను.

గుమ్మం దగ్గర నాగరత్నమ్మ మేడం నిలబడి ఉన్నారు. గంట కొట్టాక నన్ను పక్కకు పిలిచారు.

"ఏమ్మా, ఒంట్లో బాగలేదా?"

"బాగానే ఉండాను మేడం. కొంచెం అలసట, అంతే."

"అలసటైతే ఆదివారం పడుకుంటే పోతాది. ఆ పిల్ల అంత బాగా చెప్పినాది కదా, నీకు సంతోషం కాలేదా?"

నాకు దుఃఖం ఆగలేదు. "ఈ పని ఇంగ నాతో కాదు మేడం. మానేద్దామనుకుంటా ఉండాను" అన్నాను. ఆ మాట అంతవరకు ఎవరితోనూ అనలేదు.

ఆమె హితబోధ చేయలేదు. వరండా గోడ మీద నన్ను కూర్చోబెట్టి, నా పక్కనే కూర్చున్నారు. "శ్రీనివాసపురం బడిలో ఉన్నప్పుడు నాకూ ఇట్లే అయినాది. బోర్డు ముందర నిలబడితే నోట్లోంచి మాట రాలేదు. నాకే చేతకాదేమో అనుకొని బాగా ఏడ్చినాను. చేతకాక కాదమ్మా. ఒక మనిషి మీద ముగ్గురి పని పెట్టినారు. ఇంగ ఆ మనిషిలో ఏం మిగుల్తాది? ఒక్క నెల ఉండు. నేను చేసేది చేస్తాను. అప్పటికీ పోవాలనిపిస్తే పోదువు."

ఆ వారంలోనే బడి రూపు మారిపోయింది. స్పెషల్ క్లాసులు వంతులవారీగా పెట్టారు. ఒకరు ఉంటే మిగతావాళ్లు ఇంటికి వెళ్లిపోవచ్చు. ఆదివారం పరీక్షలు ఆగిపోయాయి. ప్రతి టీచరుకూ రోజూ ఒక ఖాళీ పీరియడ్, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. పేపర్లు ఇంటికి మోసుకుపోకుండా ఇద్దరిద్దరం కలిసి బడిలోనే దిద్దాలి. శుక్రవారం చివరి గంట తర్వాత ఆమె స్టాఫ్ రూమ్ గుమ్మంలో బంతి పట్టుకొని నిలబడి, "కొంగులు దోపుకోండి, అందరూ గ్రౌండుకు!" అన్నారు. మోకాళ్లనొప్పి అన్న హిందీ టీచరుకు విజిల్ ఇచ్చారు. మొదటిరోజు మేం బంతి పట్టుకున్నదానికంటే నవ్వుకున్నదే ఎక్కువ.

కొన్ని వారాలు గడిచాక, పదో తరగతి ఆడపిల్లలు మాతో పోటీకి దిగిన శుక్రవారం, బడి కమిటీ అధ్యక్షుడు శెట్టిగారు గ్రౌండులోకి వచ్చారు. బజారులో ఆయనది పెద్ద బట్టల కొట్టు.

"ఏం మేడం ఇది? ఆదివారం పరీక్షలు తీసేసినారు, ఇప్పుడు బంతాటనా? బజార్లో ఏమనుకుంటారు?"

"శెట్టిగారూ, మీ కొట్లో పనోళ్లకు వారానికొక దినం సెలవు ఇస్తారు కదా. ఎందుకు?"

"ఇయ్యకుంటే వచ్చిన గిరాకీల మీద కసురుకుంటారు కదమ్మా..." అని ఆయనే ఆగిపోయారు.

"ఈ సైన్సు టీచరమ్మ పని మానేస్తానన్నాది. ఇంకొకరిని యాడ తెస్తారు మీరు? కూర్చోండప్పా, ఆట చూసి పోండి."

ఆయన కూర్చున్నారు. గనిలో షిఫ్టు దిగి ఇళ్లకు పోతున్నవాళ్లు సైకిళ్లు ఆపి గోడ మీదనుంచి కేకలు వేస్తున్నారు. రెండు పక్షాల పాయింట్లూ సమానంగా ఉన్నాయి. అవతలినుంచి సెల్వి బలమంతా పెట్టి బంతి విసిరింది. నేను చీర కుచ్చిళ్లు ఎగదోసి పరుగెత్తి, మోకాళ్ల మీద పడి, రెండు చేతులతో పట్టేశాను. గ్రౌండంతా ఒక్కసారిగా అరిచింది. అందరికంటే గట్టిగా అరిచింది సెల్వే. "పట్టేసినారు మిస్! మా మిస్ పట్టేసినారు!" తన పక్షం ఓడుతుందన్న ధ్యాసే లేదు దానికి. నాలో ఎండిపోయిందనుకున్న సంతోషం గొంతుదాకా పొంగింది. చివరికి ఆట పిల్లలే గెలిచారు. శెట్టిగారు లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. ఆదివారం పరీక్షల మాట ఆయన మళ్లీ ఎత్తలేదు.

మేడం అడిగిన నెల ఎప్పుడు గడిచిపోయిందో నేను గమనించనేలేదు. ఆ తర్వాత గనులు మూతపడ్డాయి, సెల్వి వాళ్లు బెంగళూరు వెళ్లిపోయారు, మేడం రిటైరై బైరకూరు చేరారు. ఇప్పుడు ఆమె లేరు. ఆమె దగ్గర నేర్చుకున్నదాన్ని మాత్రం వదల్లేదు. ఇక్కడ కొత్తగా వచ్చిన టీచరు మొహం వాడితే, ముందు ఆమె మీద ఎంత పని పడుతోందో చూస్తాను, సగం నేను తీసుకుంటాను, ధైర్యం చెప్పడం ఆ తర్వాత.

రేపు ఎనిమిదో తరగతికి కాంతి పాఠం. గది చీకటి చేసి, కిటికీ సందులోంచి వచ్చే ఎండతో గోడ మీద ఇంద్రధనుస్సు పడేయాలి. గాజు పట్టకం ఇప్పుడే తుడిచి పెట్టుకున్నాను. ఇన్నేళ్లుగా చెబుతున్న పాఠమే, అయినా ఎప్పుడు తెల్లవారుతుందా అని ఉంది.