ఆ ఎర్ర కారుకు అంత పేరెందుకు

ఖానాపూర్‌లో ఒక రైస్‌మిల్లు వెనక, రేకుల షెడ్డులో ఆ కారును చూశాను. దాని ఓనరుకు ముప్పై ఏళ్లుంటాయేమో. కారు గురించి చెప్పినంతసేపూ నా వైపు సరిగా చూడలేదు.

"అన్నా, గిది మామూలు బండి కాదు. తొంభైలల్ల దీన్ని కొట్టే బండి రోడ్డు మీద లేకుండె," అన్నాడు మా ఆయనతో.

మా ఆయన స్కూల్లో లెక్కల టీచరు. కార్ల గురించి ఆయనకు తెలిసిందల్లా వాటికి నాలుగు చక్రాలుంటాయని. "నాకేం తెల్వదు తమ్మీ. కొనేది ఆమె, నడిపేది ఆమె. ఆమెకు చెప్పు," అన్నాడు.

"గట్లనా వదినా," అని నా వైపు ఒకసారి తలూపి, మళ్లీ ఆయన వైపే తిరిగి ఇంజను గురించి చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పిన ధర వింటే నాకు నవ్వొచ్చింది. ఆ డబ్బుకు నాలుగేళ్లు మాత్రమే నడిచిన, ఏసీ చల్లగా వచ్చే కారు దొరుకుతుంది. ఆ మాటే అన్నాను. "గవి దొరుకుతయ్ వదినా, గిది దొరకది," అన్నాడు. అక్కడితో బేరం ముగిసింది. నేను కొంటానని నా మొహం చూడకుండానే అతనికి అర్థమైనట్టుంది.

ఎందుకు కొన్నానో చెప్పాలి. మా మేనమామది మెట్‌పల్లి. మస్కట్‌లో పదకొండేళ్లు పనిచేసి వచ్చి, పసుపు వ్యాపారం పెట్టాడు. వచ్చిన ఏడాదే సరిగ్గా ఇలాంటి ఎర్ర కారే కొన్నాడు. చిన్నది, పొట్టిది, ముందుకు వంగి ఉరకడానికి సిద్ధంగా ఉన్నట్టుండేది. అప్పట్లో మా వైపు రోడ్ల మీద కనిపించేవన్నీ పెద్ద డబ్బా కార్లు, జీపులు. వాటి మధ్య ఇది సర్రున దూసుకుపోయేది. నేను ఇంటర్ పరీక్షలు రాసిన ఎండాకాలం, మామ నన్ను మార్కెట్ యార్డు మైదానంలోకి తీసుకెళ్లి స్టీరింగ్ ముందు కూర్చోబెట్టాడు. మా ఇళ్లలో ఆడపిల్లకు సైకిల్ నేర్పడమే గొప్ప. అవ్వ గొడవ చేస్తే మామ, "నా బండి, నా కోడలు. నీకేం పరేషాన్?" అన్నాడు. పసుపు బస్తాలు దింపే హమాలీలు పని ఆపి మరీ చూసేవారు. పదిహేను రోజుల్లో నేర్చుకున్నాను.

ఆ నెలలోనే, నేను మామ పక్కన కూర్చుని ఉండగా, కోరుట్ల దగ్గర ఒక బర్రె హఠాత్తుగా రోడ్డెక్కింది. మామ స్టీరింగ్ సర్రున తిప్పి, దాని పక్కనుంచి వెంట్రుకవాసిలో తప్పించాడు. కారు ఒక్కసారి ఊగి, మళ్లీ నిలబడింది. ఆ కథ నేను డిగ్రీలో, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో, ఉద్యోగంలో చేరాక కూడా ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ కారు వేగం కొంచెం పెరిగేది.

కొన్న ఏడాదిన్నరకే మామ దాన్ని అమ్మేశాడు. పసుపులో నష్టం వచ్చిందన్నాడు. అప్పటినుంచి నాకు ఆ కారు మీద ఆశ పోలేదు. ఈ నాలుగైదేళ్లుగా కుర్రాళ్లు ఫోన్లలో అలాంటి కార్ల మీద వీడియోలు పెట్టడం మొదలయ్యాక ఆ ఆశ మరీ ముదిరింది. అవన్నీ చూసి, నాకు తెలిసిన విషయం లోకానికి ఇప్పుడు తెలిసిందనుకుని మురిసిపోయాను.

ఖానాపూర్ నుంచి కరీంనగర్ తెచ్చుకున్న రోజే మురిపెం తగ్గింది. గోదావరి వంతెన దాటేదాకా బాగానే ఉంది. మెట్‌పల్లి దాటాక ఇంజను వేడి చూపే ముల్లు పైకి జరగడం మొదలైంది. ఏసీ లేదు. ఎడమ అద్దం సగం దిగి ఆగిపోయింది. కోరుట్లలో ఆపి, ఒక టీ కొట్టు దగ్గర బకెట్ అడిగి రేడియేటర్‌లో నీళ్లు పోశాం. జగిత్యాల రోడ్డెక్కాక సంగతేమిటో చూద్దామని గట్టిగా తొక్కాను. మోత వచ్చినంతగా వేగం రాలేదు. అప్పుడే వెనకనుంచి ఒక తెల్ల కారు, ఊళ్లో ఇంటికొకటి కనిపించే రకం, ఎలాంటి హడావుడీ లేకుండా మమ్మల్ని దాటిపోయింది. దాన్ని నడుపుతున్నది ఒక పెద్దావిడ. వెనక సీటుపై కూరగాయల సంచులున్నాయి.

మా ఆయన ఆ తెల్ల కారు కనుమరుగయ్యేదాకా దాన్నే చూశాడు. ఆ చూపుకే నాకు ఎక్కువ మండింది.

కరీంనగర్‌లో ఇలాంటి పాత బండ్లు చూసే మెకానిక్ ఒకాయన ఉన్నాడు. డెబ్బైకి దగ్గరగా ఉంటాడు, కళ్లజోడు కాడకు దారం కట్టుకుని ఉంటాడు. ఆయన బానెట్ ఎత్తి చాలాసేపు చూశాడు.

"ఎవలు ఇప్పిచ్చిండ్రు అమ్మా గీ బండి?"

"నేనే కొనుక్కున్న చాచా. చిన్నప్పటి సంది కోరిక."

"కోరిక మంచిదే. రేడియేటర్ మంచిది గాదు." వేలితో కార్బొరేటర్‌ను తట్టాడు. "దీని సామాన్ ఇక్కడ దొరకది. హైదరాబాద్ పాత సామాన్ల బజార్ల అడగాలె. వస్తది, జర టైం పడతది."

ఆ టైం ఆరు వారాలు. నేను ల్యాబ్‌కు బస్సెక్కి పోతూ, డ్యూటీ దిగాక షెడ్డుకు వెళ్లి, "వచ్చిందా చాచా?" అని అడగడం, ఆయన "రాలే" అనడం. ఒకసారి పార్టు వచ్చింది, అది వేరే బండిది. ఇంకోసారి సరైనదే వచ్చింది, పగిలి ఉంది. కారు బాగుపడేలోపు నా ఓపిక పాతబడింది. ఒకరోజు విసిగిపోయి అడిగాను.

"నిజం చెప్పు చాచా. గీ బండికి గింత పేరు ఎందుకొచ్చింది? ఇంజను అంత గొప్పదా?"

ఆయన లేచి వచ్చి కారు తలుపు మీద వేలి కణుపుతో కొట్టాడు. డబ్బా మీద కొట్టినట్టు చప్పుడైంది. పక్కనే రిపేరుకొచ్చిన ఈ కాలపు కారు తలుపు మీదా కొట్టాడు. చప్పుడు మెత్తగా వచ్చింది.

"గిదే దీని సంగతి. ఇంజను మామూలుదే. బండికి బరువు లేదు, అందుకే ఉరికింది. గప్పుడు దీని పక్కపొంటి ఉన్నయన్నీ బరువు బండ్లే. ఆపతి అయితె ఈ రేకు మనిషిని కాపాడది. గది ఎవ్వలు చెప్పరు."

ఆ మాట చెవిన వేసుకున్నాను గానీ తలకు ఎక్కించుకోలేదు. బాగుచేయించి తెచ్చిన వారానికి, ఉట్నూర్‌లో నాతో పనిచేసిన ఒక నర్సు కూతురి పెళ్లి పడింది. నా మొదటి ఉద్యోగం అక్కడే. కారులోనే పోదామన్నాను. మా ఆయన బస్సంటే నేను వినలేదు.

జన్నారం దాటి అడవిలోకి వెళ్లాక, ఒప్పుకోవాలి, ఆ కారు నన్ను మోసం చేయలేదు. మలుపులు ఒకదాని వెనక ఒకటి వస్తుంటే, స్టీరింగ్ చేతిలో బతికున్నదానిలా కదిలింది. రోడ్డు మీది ప్రతి గులకరాయి వేళ్లకు తెలిసింది. మూడో గేరులో మలుపులోకి వెళ్లి, కొంచెం తొక్కి బయటికి రావడం, అంతే. అరవై కూడా దాటలేదు వేగం. అయినా నాకు పదిహేడేళ్ల వయసులో ఉన్నంత సంతోషం కలిగింది. టేకు ఆకుల వాసన, పెట్రోలు వాసన కలిసి లోపలికి వస్తున్నాయి. "చూసినవా?" అన్నాను మా ఆయనతో. "మంచిగనే ఉంది," అన్నాడు, తలుపు పైన పట్టీ గట్టిగా పట్టుకుని.

పెళ్లి భోజనం చేసి మధ్యాహ్నం తిరుగు ప్రయాణమయ్యాం. దిగుడు రోడ్డు. మలుపు మలుపుకూ బ్రేకు వేస్తూ వస్తున్నాను. ఐదో ఆరో మలుపు దగ్గర పెడల్ మెత్తబడింది. ఇంకోసారి తొక్కితే నేల దాకా వెళ్లింది. కారు ఆగలేదు. మా ఆయన ఏదో అన్నాడు, నాకు వినపడలేదు. గేరు తగ్గించాను, హ్యాండ్‌బ్రేక్ లాగాను. వెనక చక్రాలు కీచుమన్నాయి. రోడ్డు పనికి తెచ్చి పోసిన కంకర కుప్ప కనిపిస్తే, వేరే ఆలోచన లేకుండా దానిలోకే తిప్పాను. ముందు బంపరు నలిగి, లైటు పగిలి, ఆగింది. మా ఇద్దరికీ దెబ్బలు తగలలేదు.

వెనకే వస్తున్న ప్యాసింజర్ జీపు ఆగింది. డ్రైవరు దిగి చక్రం దగ్గర ముక్కు పెట్టి వాసన చూసి, నా వైపు తిరిగాడు.

"బ్రేక్ ఆయిల్ ఉడికింది బాయీ. పాత ఆయిల్. చల్లగయ్యేదాక గిక్కడ్నే కూసోర్రి, కదిలియ్యకుర్రి." కారు చుట్టూ ఒకసారి తిరిగి, "గీ బండేనా మొబైల్ల గంత చూపిస్తరు?" అని అడిగాడు.

జీపులో కూర్చున్న పదిహేనుమందీ నన్నే చూస్తున్నారు. మా ఆయన కంకర మీద కూర్చుని, చెప్పులు విడిచి, కాళ్లు చాపుకున్నాడు. "నన్ను అనుడు ఉంటే అను," అన్నాను. "ఏమంట? ఆపినవ్ గద," అన్నాడు. దానికి నాకు ఏడుపొచ్చింది. ఆయన మీద కాదు, నా మీద కాదు, ఆ కారు మీద కోపంతో.

బ్రేకులన్నీ కొత్తవి వేయించాక, ఒక ఆదివారం కారును మెట్‌పల్లి తీసుకెళ్లాను. మామకు ఇప్పుడు డెబ్బై నాలుగు. మోకాళ్ల నొప్పులున్నాయి గానీ రోజూ దుకాణంలో కూర్చుంటాడు. ఆయన కళ్లలో సంతోషం చూస్తే నేను పడ్డ అవస్థంతా తీరుతుందనుకున్నాను. మామ బయటికి వచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని కారును చూశాడు. తలుపు తీయలేదు.

"గిదెందుకు కొన్నవ్ బిడ్డా?"

"నీ బండి అసొంటిదే గదా మామా! యాదికి లేదా?"

"యాదికుంది గనుకనే అడుగుతున్న." గద్దె మీద కూర్చున్నాడు. "గా బర్రె అడ్డమొచ్చిన రోజు నీకు యాదికుందా?"

"ఎట్ల మరుస్త? నువ్వు సర్రున తిప్పి తప్పించినవ్."

"నేను తప్పియ్యలే. బ్రేకు పడలే. నేనెటు తిప్పిన్నో నాకే తెల్వదు. బర్రెనే పక్కకు జరిగింది."

మామ కండువాతో మొహం తుడుచుకుని చెప్పాడు. ఆ తర్వాత నెల రోజులు ఆయనకు నిద్ర పట్టలేదట. పక్కన అక్క బిడ్డ ఉంది, ఏమన్నా అయితే అక్కకు మొహం ఎట్ల చూపించేది అన్న ఆలోచనేనట. బ్రేకులు రెండుసార్లు చేయించినా నమ్మకం కుదరలేదు. అందుకే అమ్మేశాడు. పసుపులో నష్టమేమీ రాలేదు.

"మరి అందరికి గంత గొప్పగ చెప్తివి?"

"మస్కట్ పైసలు పెట్టి కొన్న. ఊరంత చూస్తుండె. బండి మంచిగ లేదని నా నోటితోని ఎట్ల చెప్త? నేను చెప్పిన, నువ్వు నలుగురికి చెప్పినవ్. దానికి పేరు గట్లనే వచ్చింది."

టీ తాగి తిరిగి వచ్చేటప్పుడు దారంతా మామ మీద కోపంగానే ఉంది. ఇంత ఆలస్యంగా చెప్పినందుకా, అసలు చెప్పినందుకా, తెలియదు. అడవి మలుపుల్లో నేను పొందిన సంతోషం అబద్ధం కాదు. ఆ కారు తేలికదనం, దాని స్టీరింగ్, రోడ్డును చేతికి అందించే తీరు, ఇవి నిజం. ఆ మాత్రం పేరుకు అది తగినదే. ఆ ధరకు మాత్రం తగదు. ఆ ధరలో సగం నాలాంటి వాళ్ల గొప్పలే.

అమ్మకానికి పెట్టాను. ప్రకటనలో లోపాలన్నీ రాశాను: వేడెక్కుతుంది, ఏసీ లేదు, సామాన్లు దొరకవు, ఒకసారి బ్రేకులు ఫెయిలై కంకరలోకి వెళ్లింది. చదివి ఎవరూ రారనుకున్నాను. మూడో రోజుకే నిజామాబాద్ నుంచి ఇద్దరు స్నేహితులు వచ్చారు. నేను కొన్నదానికంటే ఎక్కువే ఇస్తామన్నారు. నేను మళ్లీ నోటితో కూడా అన్నీ చెప్పాను. బ్రేకు ఆయిలు ఎప్పుడు మార్చాలో కాగితం మీద రాసిచ్చాను.

"అక్కా, అమ్ముకునేటోళ్లు గిట్ల చెప్పరు," అని ఒకడు నవ్వాడు. "మీరు చెప్తున్నరంటే బండి మస్తుగ ఉన్నట్టే."

కాగితం మడిచి డ్యాష్‌బోర్డు మీద పెట్టాడు. వాళ్లు మలుపు తిరిగేలోపే అది గాలికి లేచి బయట పడింది. నేను పరుగెత్తి తీసుకున్నాను గానీ కారు అందలేదు. ఫోన్ చేసి, "బ్రేక్ ఆయిల్ మర్చిపోకు తమ్మీ," అన్నాను. "ఫికర్ చెయ్యకు అక్కా," అని పెట్టేశాడు.

రెండు వారాలకు వాళ్లు పెట్టిన వీడియో వచ్చింది. మహబూబ్ ఘాట్ కొండ మలుపుల్లో కారు, వెనక పాట, కింద పొగడ్తలు. వేలమంది చూశారు. నేను కింద రాశాను: "ఈ కారు ఇంతకుముందు నాది. దిగుడులో బ్రేకులు వేడెక్కుతాయి. జాగ్రత్త తమ్మీ."

పొద్దునకు పదిహేడు జవాబులొచ్చాయి. అన్నిటికంటే పైన ఉన్నది: "ఆంటీకి డ్రైవింగ్ రాదనుకుంటా."

రెండుసార్లు ఏదో రాయబోయి చెరిపేశాను. ల్యాబ్‌కు టైమైంది. టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని బస్టాపుకు నడిచాను.