పెళ్లి కాలేదని నా సంతకం

అమీర్‌పేటలో జావా కోచింగ్ బోర్డులు మేడల కిటికీలను కప్పేస్తున్న రోజులవి. ప్రభుత్వ కాలేజీలో పాఠాలు చెప్పే నాకు గెజిటెడ్ హోదా ఉండేది. వితంతు వివాహాల కోసం ఊరూరా గొంతు చించుకున్నవాణ్ణి. అలాంటి నేనే ఏటా ఒక కాగితం మీద ఆకుపచ్చ సిరాతో సంతకం చేసేవాణ్ణి: ఈమె మళ్లీ పెళ్లి చేసుకోలేదు.

ఆమె మా కింది వాటాలో ఉండేది. భర్త ఫైర్‌మన్, గోదాము మంటలార్పుతూ చనిపోయాడు. ఆ ధ్రువపత్రం ఇవ్వకపోతే కుటుంబ పింఛను ఆగిపోతుంది. కూతురి చదువు ఆ పింఛను మీదే నడుస్తోంది.

ఒక నవంబరులో ఆమె కాగితం లేకుండా వచ్చింది.

"ఈసారి మీ సంతకం అక్కెర లేదు సార్. పెండ్లి చేసుకుంటున్న. గల్లీ మొదట్ల జిరాక్స్ షాపాయనను."

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. వెంట వచ్చిన వాళ్లన్న మాత్రం ముఖం ముడుచుకున్నాడు.

"పింఛన్ బందైతది సార్. పిల్ల ఫీజెవలు కడతరు? గుళ్లె దండలు మార్చుకోమన్న. మీరు ఎప్పటిలెక్కనే సంతకం పెట్టుండ్రి. ఎవలకెరుక?"

"దొంగ పెండ్లి నాకొద్దన్నా," అందామె. "కాని పిల్ల చదువు ఆగేటట్టుంటే అసలు పెండ్లే వద్దు."

నాకు ఒళ్లు మండింది. ఒంటరిగా ఉంటేనే అన్నం పెడతానంటుందా ఈ రాజ్యం? పత్రికలో నిప్పులు కురిపిస్తానన్నాను.

"నిప్పులార్పెటోని ఇల్లు సార్ మాది," అని నవ్వింది. "ముందు జర ట్రెజరీకి రండి."

ముగ్గురం షేరింగ్ ఆటోలో పంజాగుట్ట మీదుగా వెళ్లాం. గుమాస్తా నిబంధనల పుస్తకం తిరగేశాడు.

"ఏంటమ్మా, దీనికేనా భయం? పెళ్లితో మీ పింఛను ఆగుతుంది. అది పాప పేరు మీదికి మారుతుంది. పాపకు పాతికేళ్లు నిండేదాకా వస్తుంది. ఈలోగా పెళ్లయినా, ఉద్యోగమొచ్చినా ఆగుతుంది. ఇప్పుడు మైనరు కదా, గార్డియన్‌గా మీరే తీసుకోవచ్చు. రిజిస్టరు పెళ్లి సర్టిఫికెట్ తెచ్చివ్వండి."

"గీ ముచ్చట ముందే చెప్పొద్దా?" అన్నాడు అన్న.

"ముందే అడగొద్దా?" అన్నాడు గుమాస్తా.

ముప్పయ్యేళ్లు శాస్త్రాలతో తలపడ్డాను గానీ, ఆ పుస్తకం ఒక్కసారీ తెరవలేదు. సిగ్గుపడ్డాను, సంతోషించాను కూడా.

రిజిస్ట్రారు ఇచ్చిన తేదీ అమావాస్య. అన్న గొణిగాడు, నేను మాత్రం ఆ రోజంతా ఈల వేస్తూనే ఉన్నాను. పెళ్లయ్యాక అందరం టిఫిన్ సెంటరుకు వెళ్లాం. ఏడో తరగతి చదివే కూతురు కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"ఇగ పింఛన్ నాది. నాకు రెండు మసాలా దోసెలు."

"అలాగేనండీ మేడం గారూ," అంటూ గోదావరి జిల్లా పెళ్లికొడుకు టోకెన్లు తేవడానికి లేచాడు.